నిమ్మచెక్కలు కాపలా కాసిన మిషను

జగ్గయ్యపేటలో మా ఇల్లెక్కడని అడిగితే ఎవరూ వీధి పేరు చెప్పరు. "చెత్త బండి వెనకాల నడవండి. ఏ గుమ్మం ముందు బండిలోంచి సామాను కిందికి దిగుతుందో అదే ఆయన ఇల్లు" అంటారు. ఇందులో అతిశయోక్తి లేదు. ఉన్నా కూరలో ఉప్పంత. లోకంలో అన్ని ఇళ్లలోంచీ సామాను బండిలోకి ఎక్కుతుంది. మా ఇంటి దగ్గర మాత్రం దిగుతుంది. ఎవరో పారేసిన టేబుల్ ఫ్యానో, గొంతు పోయిన మిక్సీయో, ఒక కాలు పోగొట్టుకున్న కుర్చీయో నా కంట పడిందంటే దాన్ని అక్కడే వదిలేసి రావడం నా వల్ల కాదు. ఆసుపత్రి మెట్ల మీద రోగిని చూసి డాక్టరు దాటుకుంటూ పోతాడా?

నేను సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ని. పగలంతా ఏనుగులంత మోటార్లకు వైద్యం చేసి, సాయంత్రం ఇంటికొచ్చి ఎలకలంత మిక్సీలకు చేస్తాను. మా ముందు గదిలో ఉన్న పాత ఫ్యాన్లన్నీ ఒక్కసారి తిప్పితే ఇల్లు పునాదులతో సహా లేచి వెళ్లి కోదాడలో దిగుతుంది. అందుకే ఒక్కొక్కటిగా తిప్పుతాను.

"ఈ ఇంట్లో పనిచేసేది నేనొక్కదాన్నే" అంటుంది మా ఆవిడ, వచ్చిన చుట్టాలందరి ముందూ. "మిగతావన్నీ రిపేర్లో ఉన్నాయి. ఈయనతో సహా."

చుట్టాలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. రిపేర్లో ఉందంటే బాగవుతుందనే కదా!

నా వైద్యంలోకెల్లా పెద్ద కేసు మా అక్క కుట్టుమిషను. అక్కది నందిగామ. బావ పోయిన దగ్గర్నుంచీ ఆ తొక్కుడు మిషనే ఆ ఇంటి పెద్ద. నందిగామలో సగం మంది ఆడవాళ్ల జాకెట్లు దాని సూది కిందనుంచి వచ్చినవే. మిగతా సగం మంది జాకెట్లు సరిగ్గా ఉండవు. ఏడెనిమిదేళ్ల కిందట, తొక్కే పలకనూ కింది చక్రాన్నీ కలిపే కడ్డీ విరిగిపోతే, ఆ సైజు కడ్డీ ఎక్కడా దొరక్కపోతే, ఎవరో పారేసిన పాత నల్లగొడుగు కాడను కోసి నేనే అమర్చాను. పైన వంకీ పిడి కూడా ఉంచేశాను. తీస్తే బాగుండేదని అందరూ అన్నారు. నేను తియ్యలేదు. గొప్ప శిల్పులు కింద సంతకం పెట్టుకోరూ? అలాగే అనుకోండి.

ఇంతలో ఒక వానాకాలం మునేరు పొంగింది. ఎంత పొంగిందంటే, నందిగామలో అక్క వాళ్ల వీధిలోకి ముందు చేపలొచ్చి ఖాళీ ఇళ్లు చూసుకున్నాయి. అక్క చేతిసంచితో పేటకు, మా ఇంటికి వచ్చేసింది. మూడో రోజు నీళ్లు తీశాయి. నేనూ అక్కా బస్సెక్కి వెళ్లి తలుపు తోస్తే, ఇంట్లో మోకాలి లోతు బురద, బురదలో కూరుకుపోయిన మిషను. దాని నల్లరంగు, బంగారు గీతలు, ఏవీ కనపడలేదు.

వీధి అంతటా అదే పని. మంచాలు, ఫ్రిజ్జులు, పరుపులు, సైకిళ్లు అన్నీ రోడ్డు మీదికి వచ్చాయి. మున్సిపాలిటీ ట్రాక్టర్లు వరసగా వచ్చి పనికిరానివి ఎక్కించుకుని ఊరవతల డంపింగ్ యార్డుకు తోలుతున్నాయి. నా ప్రాణం ఎలా కొట్టుకుందో చెప్పలేను. ఆ ట్రాక్టర్లలో వెళ్తున్నవాటిలో సగానికి సగం బతికే కేసులు. తడిసిన మోటారును ఆరబెట్టకుండా పారేయడమేమిటండీ! కానీ ఆ రోజు నాకున్నది ఒక్కటే రోగి.

అక్క మిషనును కడిగింది. చీపురుతో, బ్రష్షుతో, చివరికి తన పైటతో. నేను ఇప్పుడే విప్పుతానంటే వద్దంది.

"నీళ్లలో మునిగిన పనిముట్టుకి పసుపు రాసి, ఎండ చూపిచ్చి, నిమ్మకాయ కోసి పెట్టాకే తొక్కాలిరా. అమ్మ చెప్పేది."

అమ్మ అలా ఎప్పుడు చెప్పిందో నాకు తెలియదు. నేను స్కూల్లో ఉన్నప్పుడు చెప్పి ఉండాలి. సరే, అక్క మిషను నిండా పసుపు పట్టించింది. చక్రానికి కుంకుమ బొట్లు పెట్టింది. నిమ్మకాయ రెండుగా కోసి, కుంకుమ అద్ది, మిషను బల్ల మీద చెరో పక్కన పెట్టింది. ఇప్పుడు ఎండ కావాలి. అక్క గుమ్మం ముందు ఎదురింటి మేడ నీడ. ఆ వీధి మొత్తానికి ఎండ పడే చోటు ఒక్కటే: వీధి చివర, మూడు దారులు కలిసే మొగ. ఇద్దరం మోసుకెళ్లి సరిగ్గా అక్కడ పెట్టాం. పెట్టి, స్కూలు దగ్గర పులిహోర పొట్లాలు పంచుతున్నారంటే వెళ్లాం.

తెలుగుదేశంలో పుట్టినవాళ్లకు ఇక్కడేం జరిగిందో నేను చెప్పక్కర్లేదు. మూడు దారుల మొగలో పసుపు పూసి, కుంకుమ పెట్టి, నిమ్మచెక్కలతో ఉన్న వస్తువంటే ఏమిటి? దిష్టి తీసి పారేసింది. ఎవరి ఇంటి గండమో తెచ్చి అక్కడ దించి వెనక్కి తిరగకుండా వెళ్లిపోయారన్నమాట. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి అలాంటివి చూసి పక్కకు తప్పుకుని నడిచిన మా ఇద్దరికీ, మేం స్వయంగా అదే చేసి వచ్చామని తోచలేదు. పులిహోర అంత బాగుంది.

తిరిగొచ్చేసరికి మొగలో మిషను లేదు. కుంకుమ మరకలు మాత్రం ఉన్నాయి. ఎదురింటావిడ విజయగర్వంతో గుమ్మంలో నిలబడి ఉంది.

"వదినా, ఇప్పుడొచ్చావా! మన వీధికి పెద్ద గండం తప్పిందనుకో. ఎవరో పాపిష్టోళ్లు అంత దిష్టి తెచ్చి మన మొగలో దించి పోయారు. ట్రాక్టరోళ్లు మేం ముట్టుకోం అంటే నేనే బతిమాలి, కర్రల్తో నెట్టిచ్చి ఎక్కిచ్చా. పోయేటప్పుడు పసుపునీళ్లు కూడా చల్లా."

"నా మిషను మీదా?" అంది అక్క.

"కాదు, ట్రాక్టరు మీ..." అంటూ ఆవిడ గుమ్మం దిగొచ్చింది. "నీ మిషనా?"

అక్క అరుగు మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది, ఏదో జోకు వేసేవాణ్ని. ఊరికే కూర్చుని, కుడికాలి మడమ నేల మీద పైకీ కిందికీ ఆడిస్తూ ఉంది. తొక్కుతున్నట్టు.

ఆ సాయంత్రమే అసలు సంగతి చెప్పింది. వరదలో పిల్లల యూనిఫారాలు కూడా పోయాయి. స్కూలు మళ్లీ తెరిచేలోపు కుట్టివ్వమని అక్కడి టీచరమ్మ అక్కనే అడిగింది. మిషను ఉంటే పని అక్కది. లేకపోతే మెయిన్‌రోడ్డులో ఒక టైలరు కొట్టుకు వెళ్తుంది. ఆ కొట్టాయన మంచివాడే. "మీరూ వచ్చి మా కొట్లో కూర్చుని కుట్టండమ్మా" అని కబురు కూడా పెట్టాడు.

"ఇంకొకళ్ల మిషను తొక్కడమంటే ఇంకొకళ్ల చెప్పులేసుకుని నడవటంరా" అంది అక్క. "నడవొచ్చు. కానీ అది నా నడక కాదు."

యార్డు ఆచూకీ తీసి అక్కడికి చేరడానికి మాకు రెండు మూడు రోజులు పట్టింది. రోడ్డంతా బురద, ఆటోలు లేవు. యార్డంటే మీరు ఏం ఊహించుకుంటారో గానీ, ఆ వరద వారంలో అది చెత్త కాదండీ, నందిగామకు పక్కనే లేచిన రెండో నందిగామ. ఫ్రిజ్జుల వీధి, బీరువాల బజారు, కుర్చీల కొండ. ఆ కొండెక్కి నిలబడితే వేదాద్రి గుడి కనపడుతుందని నా లెక్క. అన్నింటికీ ఇనుప గేటు, గేటుకు తాళం. తాళం దగ్గర ఆకుపచ్చ కోటు వేసుకున్న ఒకామె. మాకంటే చిన్నది. యార్డులో పొడి చెత్త వేరుచేసే కార్మికురాలు.

"బయటోళ్లని రానియ్యొద్దన్నారు అన్నయ్యా" అంది. "గాజు పెంకులుంటాయి, పాములొచ్చినాయి. మాకే బూట్లు లేకుండా లోపలికి పోవద్దంటారు."

అక్క గేటు ఊచల మధ్యనుంచి వేలు చూపించింది. "అదిగోరా."

షెడ్డు గోడ పక్కన, చుట్టూ నాలుగడుగుల ఖాళీ జాగా వదిలి, ఒంటరిగా నిలబడి ఉంది మా మిషను. మిగతా ఇనుమంతా చిందరవందరగా ఒకదాని మీద ఒకటి పడి ఉంటే, దీనికి మాత్రం ఎమ్మెల్యేకి వదిలినంత చోటు. బల్ల మీద నిమ్మచెక్కలు రెండూ అలాగే ఉన్నాయి. అలాగే అంటే, పచ్చగా, రసంతో మెరుస్తూ. కోసి ఇన్ని రోజులైనా వాడలేదు.

అక్క చేతులు జోడించింది. "చూశావురా మహిమ!"

గేటు అవతల ఆమె కోటు అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. "మహిమ కాదక్కా. మా నిమ్మచెట్టు."

జరిగింది ఆమె చెప్పింది. ఇనుము కొనే కాంట్రాక్టరు లారీ వచ్చి మొదటి లోడు ఎత్తుకెళ్లిందట. కూలీలు అన్నింటినీ ఎక్కించారు గానీ, నిమ్మచెక్కల మిషను దగ్గరికి వచ్చేసరికి ఒకడి మొహం ఒకడు చూసుకుని దూరం జరిగారట.

"నేను చర్చికెళ్లేదాన్నక్కా. నాకు నిమ్మకాయంటే పచ్చడే, భయమేం లేదు. తడుస్తుందని నేనే షెడ్డు కిందికి ఈడ్చా. చక్రం తిప్పి చూశా, పట్టేసింది గానీ విరగలేదు. మా అమ్మ కుట్టేది. కుట్టేవాళ్లు మిషను పారెయ్యరు, ఎవరో ఒకళ్లు వస్తారనుకున్నా. నిమ్మచెక్కలు వాడిపోతే లారీవోళ్లకి ధైర్యమొచ్చుద్దని మా చెట్టువి కోసి మారుస్తున్నా."

నేను నా జీవితంలో ఎన్నో యంత్రాల్ని బతికించాను. కానీ ఒక యంత్రాన్ని కాపాడడానికి రోజూ రెండు నిమ్మచెక్కలతో కాపలా పెట్టిన తెలివి ముందు నా స్క్రూడ్రైవర్లన్నీ తల వంచుకోవలసిందే. ఆ మాటే అన్నాను.

"పొగడ్డం తర్వాత అన్నయ్యా" అంది ఆమె. "మంగళారం క్రేను తెస్తారంట. క్రేనుకి దిష్టి తగలదు కదా!"

అంతలో శానిటరీ ఇన్‌స్పెక్టరు మోటారుసైకిలు దిగాడు. వారం రోజులుగా నిద్ర లేని మొహం. కోపం లేదు, ఓపికా లేదు.

"యార్డులోకొచ్చింది బయటికివ్వడానికి నా దగ్గర కాగితం లేదండి."

"లారీకి ఇస్తున్నారు కదండీ" అన్నాను.

"అది వేలం పాట. దానికి కాగితం ఉంది."

"ఇవ్వకూడదని ఏమైనా కాగితం ఉందా?"

ఆయన ఆలోచించాడు. "అదీ లేదు. సోమారం మున్సిపల్ ఆఫీసు హాల్లో అర్జీలు తీసుకుంటారు, రండి. ఇంత చిన్నదానికి ఎందుకమ్మా, కొత్త మిషను కొనుక్కోరాదూ?"

"మీకు మీ అమ్మగారు పాతబడితే కొత్తావిణ్ని తెచ్చుకుంటారా బాబూ?" అంది అక్క. ఇన్‌స్పెక్టరు మోటారుసైకిలు ఒక్క కిక్కుకే స్టార్టయింది.

అర్జీ నేనే రాశాను. ఆరు పేజీలు వచ్చింది. కుట్టుమిషను పుట్టుక, నందిగామ చరిత్రలో జాకెట్ల స్థానం, మరమ్మతు అనే మానవ ధర్మం, ఇవన్నీ విడివిడిగా వివరించాను. మా ఆవిడ చదివి, ఐదు పేజీలు చింపి, మిగిలిన పేజీలో నాలుగు వాక్యాలు ఉంచింది. "సంతకం వదినగారిది పెట్టించండి. మీది చూస్తే తిరగ్గొడతారు" అంది.

సోమవారం హాలు నిండా వరద బాధితులే. బల్ల వెనక పెద్దాఫీసరు, ఆవిడ పక్కన మన ఇన్‌స్పెక్టరు. అక్క వంతు వచ్చింది. ఆఫీసరమ్మ అర్జీ చదివి, కళ్లజోడు పైనుంచి చూసింది.

"రోడ్డు మీద పెట్టారు కదమ్మా. రోడ్డు మీద పెడితే పారేసినట్టే అనుకుంటారు."

"పారేసినట్టు కాదండి, ఆరేసినట్టు" అంది అక్క. "ఎండకి పెట్టా."

"అది మీదేనని ఏంటి గుర్తు? ఆ వీధిలో ఇంకో నాలుగు మిషన్లు మునిగాయంటున్నారు."

అక్క నావైపు తిరిగింది. గొంతు సవరించుకున్నాను. హాల్లో ఉన్నవాళ్లంతా వినేటట్టు చెప్పాను.

"తొక్కే పలక కింద కడ్డీ బదులు గొడుగు కాడ ఉంటుందండి. నల్లగొడుగు. నేనే అమర్చాను."

ఆఫీసరమ్మ ఇన్‌స్పెక్టరును చూసింది. ఇన్‌స్పెక్టరు యార్డుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. అటునుంచి బూట్ల చప్పుడు, వంగిన చప్పుడు, తరవాత ఆమె గొంతు: "ఉందండి సార్. గొడుగు కాడే. వంకీ పిడి కూడా ఉంది."

హాలంతా గొల్లున నవ్వింది. వరదొచ్చాక ఆ ఊళ్లో అంతమంది ఒక్కసారి నవ్వడం అదే మొదలనుకుంటాను. ఆఫీసరమ్మ కూడా కళ్లజోడు తీసి తుడుచుకుంది. కొందరు నన్ను చూసి నవ్వారని మా ఆవిడ అంటుంది. కాదు, నన్ను గౌరవించి నవ్వారు.

"సరే, మీదే" అంది ఆఫీసరమ్మ. "కానీ మీకిస్తే రేపు అందరూ వస్తారు."

"రానియ్యండమ్మా" అంది అక్క. "మీ లారీకి బరువు తగ్గుద్ది. ఆ యార్డులో కోటేసుకున్న అమ్మాయిని అడగండి, బతికే సామాను ఎంత పోతందో చెప్పుద్ది. ఇదిగో మా తమ్ముడున్నాడు. చచ్చినవాటిని లేపుతాడు. బతికున్నోళ్లని చంపుతాడు గానీ."

వెనక వరసలోంచి ఒకాయన లేచి, "మా సైకిలు కూడా అక్కడే ఉందండి" అన్నాడు. ఇంకొకామె "మా గ్రైండరు" అంది. ఇన్‌స్పెక్టరు నుదురు పట్టుకున్నాడు.

ఆఫీసరమ్మ అక్కడికక్కడే కాగితం మీద రాయించింది. ఆదివారం పొద్దున రెండు గంటలు గేటు తెరవాలి. చెత్తకుప్పల్లోకి ఎవరూ వెళ్లకూడదు. బాగయ్యే సామాను యార్డు కార్మికులే ముందుగా తీసి షెడ్డు ముందు వరసగా పెట్టాలి. కావలసినవాళ్లు వచ్చి తీసుకుపోవచ్చు. క్రేను ఆ తరవాతే. "ఒక్క ఆదివారం చూద్దాం. మీ మిషను కూడా ఆ కాగితం మీదే వస్తుంది. ఎవరూ రాకపోతే ఇక అడక్కండి."

ఆదివారం పొద్దున నేనూ, అక్కా, నా పనిముట్ల పెట్టె, మా ఆవిడ, ఆవిడ భుజానికి ఒక పెద్ద సంచి, అందరం గేటు దగ్గర దిగాం. షెడ్డు ముందు సామాను పెళ్లి విడిదిలో సారెలాగా వరస పెట్టి ఉంది. ఫ్యాన్లు ఒకపక్క, కుర్చీలు ఒకపక్క, సైకిళ్లు ఒకపక్క. కోటు వేసుకున్నామె ప్రతిదాన్నీ తుడిచి కూడా పెట్టింది. గేటు బార్లా తెరిచి ఉంది.

లోపలికి మాత్రం ఎవరూ రాలేదు.

జనం లేక కాదు. ఎదురుగా రోడ్డు మీద నందిగామ సగం ఉంది. కానీ చెత్త యార్డులోంచి సామాను తెచ్చుకున్నారని అనిపించుకోవడం ఎవరికి ఇష్టం? అందుకని ఎవరూ సామాను కోసం రాలేదు. ఇద్దరు బస్సు కోసం నిలబడ్డారు. ఆ రోడ్డు మీద బస్సు తిరగదు. ఒకాయన మేకను వెతుక్కుంటున్నాడు; ఆయనకు మేకలు లేవని తరవాత తెలిసింది. అక్క ఎదురింటావిడ కూడా వచ్చింది, వాకింగుకట. ఆవిడ ఇంటికీ యార్డుకూ మధ్య దూరం చూస్తే, ఆ వాకింగుకు ఒలింపిక్ పతకం ఇవ్వాలి.

ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. "చూశారు కదండీ."

"ఒరేయ్, మిషను ఇంటికొద్దు" అంది అక్క. "ఇక్కడే విప్పు."

గేటు పక్కన నీడలో మిషను పెట్టి విప్పాను. అప్పటిదాకా నేను చేసిన ఆపరేషన్లన్నీ ఆట. చక్రం కదలదు. పెట్రోలు పోసి నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్దుతుంటే లోపలినుంచి వచ్చిన ఇసుకతో ఒక గది కట్టుకోవచ్చు. కింద దారపు కండె తిరిగే షటిల్ తీశాను, పళ్ల చక్రాలు కడిగాను, ఆయిలు పోశాను. మళ్లీ పట్టేసింది. మళ్లీ విప్పాను. రోడ్డు మీద జనం రెండడుగులు దగ్గరికి జరిగారు. ఉచితంగా సలహా ఇచ్చే అవకాశం వదులుకున్న తెలుగువాడు లేడు.

"ఆ ఎడం పక్క స్క్రూ వదులు చెయ్యాలండి" అన్నాడు మేకలు లేనాయన.

"నువ్వు మేకని చూసుకో బాబాయ్" అంది కోటు వేసుకున్నామె.

గంటన్నర అయ్యాక చక్రం కదిలింది. మొదట మూలిగింది, తరవాత గొణిగింది, ఆ తరవాత మెత్తగా తిరిగింది. నా చొక్కా ఆయిలూ చెమటా కలిసి చారలు పడి జెండాలా తయారైంది. నేను లేచి నిలబడి చప్పట్ల కోసం చూస్తుండగా అక్క అంది: "బెల్టేదిరా?"

తోలు బెల్టు నీళ్లలో నాని, పుచ్చి, ఎప్పుడో ఊడిపోయింది. చక్రాలు రెండూ ఉన్నాయి, మధ్య తాడు లేదు. ఆదివారం, కొట్లు లేవు, ఇంకో అరగంటలో గేటు మూస్తారు. నేను నా పెట్టె బోర్లించి వెతికాను. ప్రపంచంలో ఉన్న ప్రతి వస్తువూ ఉంది, బెల్టు లేదు.

అప్పుడు మా ఆవిడ తన సంచి తెరిచింది. అందులోంచి, ముందు గదిలో నేను ఏళ్ల తరబడి దాచిన పాత సైకిలు ట్యూబుల్లో ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"మీరు ఊళ్లో చెత్తంతా ఇంట్లో ఎందుకు పెడతారో ఈ ఒక్కరోజు నాకర్థమైంది" అంది. "రేపు మళ్లీ అర్థం కాదు. పొంగిపోకండి."

ట్యూబును సన్నగా కోసి, ముడేసి, చక్రాలకు తొడిగాను. అక్క స్టూలు మీద కూర్చుంది. దారం ఎక్కించింది, సూది వైపు చూడకుండానే. పలక మీద కాలు పెట్టింది. అందరం ముందుకు వంగాం. ఇన్‌స్పెక్టరు కూడా. కాలు కదిలింది. గొడుగు కాడ పైకీ కిందికీ ఆడింది. టకటకటకటకా.

ఆ చప్పుడు ఎంత దూరం వినపడిందని అడక్కండి. అవతల చెవిటికల్లు ఊళ్లో కూడా వినపడిందని నేనంటే మీరు నమ్మరు.

"ఏం కుట్టమంటారు?" అంది అక్క చుట్టూ చూసి. చేతిలో గుడ్డ లేదు. కోటు వేసుకున్నామె భుజం దగ్గర కుట్టు విడిపోయి, కోటు చెయ్యి వేలాడుతోంది. "అది విప్పి ఇటియ్యి తల్లీ" అంది. అక్క మొదటి కుట్టు ఆ ఆకుపచ్చ కోటుకు పడింది. రెండో వైపు కూడా గట్టి చేసి, జేబు కూడా వేసి ఇచ్చింది. ఆమె తొడుక్కుని భుజాలు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "కొత్తదిచ్చినప్పుడు కూడా ఇట్టా లేదక్కా" అంది.

ముందు కదిలింది ఎదురింటావిడ. అక్క పక్కకు వచ్చి నిలబడి, "వదినా, నా వల్లే కదా ఇదంతా" అంది.

"నీ వల్లే" అంది అక్క, తలెత్తకుండా. "నువ్వు ట్రాక్టరెక్కిచ్చకపోతే ఈ గేటు తెరిచేవాళ్లా? పో, ఆ కుర్చీల పక్క టేబుల్ ఫ్యాను బాగుంది, తీసుకో. మా తమ్ముడు తిప్పుతాడు."

ఆవిడ ఫ్యానుతో బయటికి రావడం రోడ్డు చూసింది. ఇక గేటు పట్టలేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు గ్రైండరు పట్టుకెళ్లారు. మేకలు లేనాయన సైకిలు తీసుకున్నాడు. హాల్లో లేచినాయనది కూడా దొరికింది. నేను ఆ పూట ఎన్ని ఫ్యాన్లు తిప్పానో, ఎన్ని మిక్సీలకు గొంతు తెప్పించానో చెబితే మా ఆవిడ ఈ కాగితం కూడా చింపేస్తుంది. గేటు మూసే వేళ దాటిపోయినా ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకోలేదు. ఆయన కూడా ఒక చెక్క పీట పట్టుకుని, "ఇది మా అమ్మకి" అన్నాడు అక్కతో. అక్క నవ్వి తల ఊపింది.

యూనిఫారాలు అక్కే కుట్టింది, తన గుమ్మంలో కూర్చుని, తన మిషను మీద. స్కూలు తెరిచిన రోజు పొద్దున్నే నన్ను పిలిపించి, పిల్లలు వరసగా వెళ్తుంటే అరుగు మీద నిలబెట్టి చూపించింది. "ఆ పోయేవన్నీ నా కుట్లేరా" అంది. మెయిన్‌రోడ్డు కొట్టాయన ఇప్పుడు తనకు పని ఎక్కువైనప్పుడు గుడ్డలు అక్క ఇంటికే పంపిస్తాడు.

ఇప్పటికీ ఆదివారం పొద్దున ఆ గేటు తెరుచుకుంటుంది. మా పేటలో కూడా అదే పద్ధతి కావాలని నేను అర్జీ పెట్టాను. ఒక్క పేజీయే, పాఠం నేర్చుకున్నాను. నెలకొక ఆదివారం ఇచ్చారు. ఆ రోజు మాత్రం చెత్త బండిలోంచి మా గుమ్మం ముందు సామాను దిగదు. నేనే పెట్టె పట్టుకుని దాని దగ్గరికి వెళ్తాను. నందిగామలో పనికొచ్చే సామాను మీద కోటు వేసుకున్నామె ఇప్పటికీ రెండు నిమ్మచెక్కలు పెడుతుంది. వాటిని చూసి ఎవరూ దూరం జరగరు. ఇది బాగవుతుంది, ఉంచండి అని అర్థం. క్రేను నడిపేవాడు కూడా వాటిని చూసి కొక్కెం పక్కకు తిప్పుతాడు.

మొన్నొక ఆదివారం నేను ఫ్యాక్టరీ డ్యూటీనుంచి వచ్చి పడక్కుర్చీలో కునుకు తీసి లేచేసరికి కుర్చీ చేతుల మీద చెరో నిమ్మచెక్క ఉంది. వంటింట్లోంచి మా ఆవిడ తొంగి కూడా చూడలేదు. నేను వాటిని తియ్యలేదు.

పోయిన నెల యార్డులో నాకొక పాత తొక్కుడు మిషను కాళ్లు దొరికాయి. వాటికి అసలైన కడ్డీ ఉంది. చెక్కుచెదరకుండా, సరిగ్గా అక్క మిషను కొలతకు. ఇన్నేళ్లకు దొరికింది కదా అని విప్పి, తుప్పు రుద్ది, మెరిసేలా చేసి, గొడుగు కాడ తీసేసి ఇది బిగిస్తానని నందిగామ వెళ్లాను. అక్క కడ్డీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చాలా బాగుందంది. జాగ్రత్తగా నా పెట్టెలోనే తిరిగి పెట్టింది.

"ఇది వేస్తే, మళ్లీ ఎప్పుడైనా పోతే దేన్ని చూసి గుర్తుపడతార్రా?" అని పలక మీద కాలు పెట్టింది.